ఓక్ ట్రీ రోడ్డులో కార్న్‌వాలిస్

న్యూజెర్సీలో ఉంటూ ఓక్ ట్రీ రోడ్డు తెలియని తెలుగువాళ్లు అరుదు. ఎడిసన్, ఐసెలిన్ ఊళ్ల మీదుగా సాగే ఆ దారిలో పట్టుచీరల దుకాణాలు, బంగారం కొట్లు, దోసెల హోటళ్లు, గోంగూర మొదలు మునక్కాడల దాకా దొరికే కిరాణా షాపులు వరసగా ఉంటాయి. శనివారం సాయంత్రమైతే కారు పెట్టుకోవడానికి చోటు దొరకదు. ఆ సందడికి కాస్త ఎడంగా, ఎడిసన్ వైపు, ఓక్ ట్రీ పాండ్ అనే చిన్న చెరువూ దాన్ని ఆనుకుని ఒక పార్కూ ఉన్నాయి. 1777 జూన్ 26న ఈ చుట్టుపక్కల పొలాల్లో తుపాకులు పేలాయి. తీరంలోని పెర్త్ ఆంబోయ్ నుంచి చీకటితోనే బయల్దేరిన బ్రిటిష్ సేన రెండు పాయలుగా చీలి వచ్చింది. జార్జి వాషింగ్టన్ సైన్యాన్ని తిరిగి కొండల్లోకి చేరనివ్వకుండా మైదానంలోనే చుట్టుముట్టాలన్నది వాళ్ల ఎత్తు. ఒక పాయను నడిపించినవాడు లార్డ్ ఛార్లెస్ కార్న్‌వాలిస్. ఎదురు నిలిచిన అమెరికన్ సేనాని లార్డ్ స్టిర్లింగ్ ఆ పూట మూడు ఫిరంగులు పోగొట్టుకుని వెనక్కి తగ్గాడు. అయితే, ఆ ఆలస్యంలోనే వాషింగ్టన్ కొండ మీది స్థావరానికి చేరుకున్నాడు. చరిత్రలో దీని పేరు షార్ట్ హిల్స్ యుద్ధం.

అమెరికా స్వాతంత్ర్య యుద్ధం గురించి బడిలో చదివే పిల్లవాడికి ఈ యుద్ధం పేరు సాధారణంగా తగలదు. పాఠ్యపుస్తకంలో బోస్టన్ ఓడరేవులో టీ పెట్టెలు పారబోయడం ఉంటుంది. ఫిలడెల్ఫియాలో సంతకాలు, యార్క్‌టౌన్‌లో లొంగుబాటు ఉంటాయి. మధ్యలో వాషింగ్టన్ పడవలో నిలబడ్డ బొమ్మ ఒకటి. ఇవన్నీ ఎక్కడో, ఎవరో పెద్దవాళ్లు చేసిన పనులుగానే పిల్లల బుర్రలోకి వెళ్తాయి. పరీక్ష అయ్యాక వచ్చిన దారినే బయటికి వెళ్లిపోతాయి. తాను రోజూ బస్సెక్కే మలుపులోనే ఆ యుద్ధం నడిచిందని తెలిసిన పిల్లవాడి సంగతి వేరు. వాడికి ప్రశ్నలు పుడతాయి. ఎవరి పొలం అది? ఇంట్లోవాళ్లు ఎక్కడ దాక్కున్నారు? ఆవులేమయ్యాయి?

స్వాతంత్ర్య ప్రకటనకు 2026 జులై 4తో 250 ఏళ్లు నిండుతాయి. పెద్ద నగరాల్లో బాణసంచా, కవాతులు ఎలాగూ ఉంటాయి. అంతకంటే విలువైన పని బడుల్లో, చిన్న చిన్న ఊరి మ్యూజియాల్లో, కౌంటీ గ్రంథాలయాల్లో జరుగుతోంది. యుద్ధాన్ని రాజధాని నుంచి కాకుండా తమ ఊరి నుంచి చెప్పే పని అది. దానికి న్యూజెర్సీని మించిన చోటు లేదు. ఒక పక్క బ్రిటిష్ సేన తిష్ఠ వేసిన న్యూయార్క్, ఇంకో పక్క తిరుగుబాటుదారుల కాంగ్రెస్ కూర్చున్న ఫిలడెల్ఫియా. ఎవరు ఎటు కదిలినా ఈ పొలాల మీదుగానే. 2006లో ఇక్కడి 14 కౌంటీల ప్రాంతాన్ని ‘క్రాస్‌రోడ్స్ ఆఫ్ ది అమెరికన్ రివల్యూషన్’ పేరుతో జాతీయ వారసత్వ ప్రాంతంగా గుర్తించింది కూడా అందుకే.

పిల్లలకు మొదట చూపించాల్సింది ఫిరంగి కాదు, నష్టాల పద్దు. 1781 డిసెంబరులో న్యూజెర్సీ శాసనసభ ఒక చట్టం చేసింది. యుద్ధంలో ఎవరింట్లో ఏం పోయిందో ప్రమాణం చేయించి మరీ లెక్క రాయించమంది. బ్రిటిష్ సేన చేసిన నష్టం ఒక పద్దు. సొంత అమెరికన్ సైన్యం చేసిన నష్టం ఇంకో పద్దు. ఆ దస్త్రాలు ట్రెంటన్‌లోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉన్నాయి. వాటిలో వీరగాథలు లేవు. గుర్రాలు, ఆవులు, ఈకల పరుపులు, వంటపాత్రలు, ధాన్యం, కంచె కర్రలు ఉన్నాయి. ఒక్కోదాని ఎదురుగా దాని ఖరీదు.

అలాంటి కాగితం ఒకటి ఐదో తరగతి పిల్లల చేతికిస్తే ఏమవుతుందో ఊహించవచ్చు. మిగతావన్నీ అర్థమవుతాయి గానీ కంచె కర్రల దగ్గర ఆగిపోతారు. కర్రలు పోతే అంత లెక్కగా ఎందుకు రాయించారు? టీచరు ఓపిగ్గా అడుగుతూ పోతే జవాబు పిల్లల నోటి నుంచే వస్తుంది. వేల మంది సైనికులు చలిలో దిగారు. చెట్టు నరికి, చీల్చి, ఆరబెట్టే తీరిక వాళ్లకు లేదు. రైతు కంచె అప్పటికే చీల్చి ఆరిన కట్టెల వరస. రాత్రికి రాత్రే మంటల్లోకి పోయింది. కంచె లేకపోతే పశువులు చేలో పడతాయి. చేను పోతే వచ్చే ఏడాది రొట్టె లేదు. అంటే ఒక్క తూటా పేలకపోయినా ఆ ఇల్లు యుద్ధంలో దెబ్బతింది. ఆ కర్రలు కాల్చినవాళ్లు శత్రువులే అయి ఉండనక్కర్లేదు, స్వాతంత్ర్యం కోసం పోరాడుతున్న సొంతవాళ్లు కూడా కావచ్చు. బ్రిటిష్ సేన చేసిన నష్టానికి ఆ కుటుంబాలకు పరిహారం దక్కలేదు. పదేళ్ల పిల్లలకు యుద్ధమంటే ఏమిటో ఇంతకంటే తిన్నగా చెప్పే పాఠం మరొకటి లేదు.

ఊరి చరిత్రకు ఒక జబ్బు కూడా ఉంది. ప్రతి ఊరూ తనకో వీరుణ్ని, ఓ వీరనారిని తయారు చేసుకుంటుంది. వాషింగ్టన్ పడుకున్న మంచం తమ దగ్గరే ఉందంటుంది. షార్ట్ హిల్స్ యుద్ధం జరిగిన రోజు గురించి కూడా స్కాచ్ ప్లెయిన్స్‌లో తరాలుగా చెప్పుకునే కథ ఒకటుంది. బెట్టీ ఫ్రేజీ అనే రైతు ఇల్లాలు తమవైపు సైనికుల కోసం రొట్టెలు కాలుస్తోందట. ఆ కమ్మని వాసనకు కార్న్‌వాలిస్ గుమ్మం ముందు గుర్రం దిగాడట. రొట్టె ఇమ్మంటే, భయంతో ఇస్తున్నానే తప్ప ప్రేమతో కాదని ఆమె ముఖం మీదే అందట. ఆ మాటకు ఆయన, తన సైనికులెవరూ ఆ రొట్టె ముట్టకూడదని చెప్పి వెళ్లిపోయాడట. ఆ ఇల్లు ఇప్పటికీ ఉంది. కథ ఎంత అందంగా ఉందో, దానికి ఆధారం అంత పలచన.

మరి పిల్లలకు చెప్పాలా, మానాలా? చెప్పాల్సిందే. చెప్పి అక్కడ ఆగితేనే తప్పు. ఇల్లు నిజం, ఆ రోజు సేనలు ఆ దారిన నడవడం నిజం, ఫ్రేజీ కుటుంబం నిజం. సంభాషణ ఎవరు విన్నారు, ఎప్పుడు రాశారు, అంత మర్యాదస్తుడైన శత్రువును ఊరు ఎందుకు గుర్తుపెట్టుకుంది అని పిల్లలే తవ్వాలి. మన్మత్ యుద్ధంలో భర్త పడిపోతే ఫిరంగి దగ్గర నిలబడిందని చెప్పే మోలీ పిచర్ కథ కూడా ఇలాంటిదే. 1778 జూన్ 28న, మండుటెండలో జరిగిన ఆ యుద్ధంలో ఒక స్త్రీ ఫిరంగి దగ్గర పనిచేసిందని సైనికుడు జోసెఫ్ ప్లమ్ మార్టిన్ తన జ్ఞాపకాల్లో రాశాడు. పేరు మాత్రం రాయలేదు. ఆయన పుస్తకం అచ్చయింది 1830లో, అంటే యుద్ధం జరిగిన అర్ధ శతాబ్దం తర్వాత. ఈ రెండు సంగతులూ కలిపి చెబితే, విన్న ప్రతిదాన్నీ నమ్మకుండా, అలాగని ప్రతిదాన్నీ కొట్టిపారేయకుండా ఉండటం పిల్లలకు పట్టుబడుతుంది. ఫోన్ తెరిస్తే ఏది నిజమో తేల్చుకోలేని ఈ రోజుల్లో చరిత్ర తరగతి ఇవ్వగల గొప్ప ఆస్తి ఇదే.

ఈ మార్టిన్ పిల్లలకు బాగా దగ్గరయ్యే మనిషి. 1776లో సైన్యంలో చేరేటప్పటికి ఆయనకు 15 ఏళ్లు. పుస్తకం నిండా ఆకలే. మోరిస్‌టౌన్ శీతకాలంలో రోజుల తరబడి తిండి లేక చెట్టు బెరడు కొరికిన సంగతి, పాత చెప్పులు కాల్చుకు తిన్నవాళ్ల సంగతి అందులో ఉన్నాయి. 1779-80 నాటి ఆ శీతకాలం ఆ శతాబ్దంలోనే అతి కఠినమైనవాటిలో ఒకటి. పదివేల మందికి పైగా సైనికులు మంచులోనే అడవి నరికి, వెయ్యికి పైగా కర్రల గుడిసెలు కట్టుకున్నారు. ఆ చోటు పేరు జాకీ హాలో. 1933లో అమెరికా తన మొట్టమొదటి జాతీయ చారిత్రక పార్కును ఏర్పాటు చేసింది మోరిస్‌టౌన్‌లోనే.

తిరిగి కట్టిన గుడిసెలు కొన్ని అక్కడ చూడొచ్చు. ఒక్కోటి సుమారు 14 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు. అందులో పన్నెండు మంది. అంత దూరం పిల్లల్ని తీసుకెళ్లలేని టీచరు తరగతి గదిలోనే కొలత టేపు పట్టి, గచ్చు మీద అంతమేర గీత గీసి, పన్నెండు మందిని పడుకోబెడితే చాలు. మూలన పొయ్యికి చోటు వదలమనాలి. తడిసిన కోటు ఎక్కడ ఆరేస్తారో అడగాలి. ఒకడికి మశూచి సోకితే మిగతా పదకొండు మంది గతేమిటని కూడా అడగాలి.

ఆ చివరి ప్రశ్న ఊహ కాదు. తుపాకుల కంటే రోగాలే ఎక్కువమందిని పొట్టనబెట్టుకున్న యుద్ధమిది. ఆ శీతకాలానికి మునుపే, 1777 ఫిబ్రవరిలో మోరిస్‌టౌన్‌లో ఉండగా, సైన్యమంతటికీ మశూచి రసి ఎక్కించమని వాషింగ్టన్ ఉత్తర్వులిచ్చాడు. జెన్నర్ టీకాకు ఇంకా దాదాపు ఇరవై ఏళ్ల వ్యవధి ఉంది. రోగి పొక్కులోని రసిని చర్మం మీద గాటు పెట్టి ఎక్కించేవారు. చిన్నగా జబ్బు వచ్చి తగ్గేది. కొద్దిమంది దాంతోనే పోయేవారు కూడా. ట్రెంటన్‌లో 1758లో కట్టిన సైనికుల బారకాసులు అప్పట్లో ఇందుకు ఆసుపత్రి అయ్యాయి. ఇప్పుడవి ఓల్డ్ బారక్స్ మ్యూజియం. బడి పిల్లలు బస్సుల్లో వచ్చి, ఆనాటి దుస్తుల్లో ఉన్న వైద్యుడి పాత్రధారి చేతిలోని కత్తులూ సీసాలూ చూసి కళ్లు పెద్దవి చేస్తారు.

ట్రెంటన్ కథలో అందరికీ తెలిసింది మొదటి సగమే. 1776 డిసెంబరు 25 రాత్రి వాషింగ్టన్ 2,400 మందితో మంచుగడ్డలు కొట్టుకొస్తున్న డెలావేర్ నది దాటి, తెల్లారి హెస్సియన్ జర్మన్ కిరాయి సేన మీద పడటం, దాదాపు 900 మందిని పట్టుకోవడం. ఏటా క్రిస్మస్ నాడు నది దాటే ఘట్టాన్ని మళ్లీ ఆడి చూపిస్తారు. నది ఒప్పుకోని ఏడు మానేస్తారు. రెండో సగం 1777 జనవరి 2న మొదలవుతుంది. పగ తీర్చుకోవడానికి వచ్చిన కార్న్‌వాలిస్, అసన్‌పింక్ వాగు దగ్గర చీకటి పడేదాకా తలపడి, మిగిలింది పొద్దున చూసుకోవచ్చని ఆగాడు. వాగు అవతల అమెరికన్ల చలిమంటలు రాత్రంతా వెలుగుతూనే ఉన్నాయి. మంటలు ఎగదోయడానికి కొందరిని వదిలి, బండిచక్రాలకు గుడ్డలు చుట్టి, వాషింగ్టన్ పక్కదారిన ప్రిన్స్‌టన్ వెళ్లిపోయాడు. పొద్దున్నే కార్న్‌వాలిస్‌కు ఎదురుగా ఖాళీ మైదానం, వెనక నుంచి ఫిరంగుల మోత. ఆ వాగు ఇప్పటికీ ట్రెంటన్ నడిబొడ్డున పారుతోంది.

జనవరి 3న ప్రిన్స్‌టన్ పొలాల్లో బాయొనెట్ పోట్లు తిని, తొమ్మిది రోజుల తర్వాత అక్కడే థామస్ క్లార్క్ ఇంట్లో చనిపోయిన జనరల్ పేరు హ్యూ మెర్సర్. స్కాట్లాండ్‌లో పుట్టిన డాక్టరు. 1746లో కలోడెన్ యుద్ధంలో ఓడిన పక్షాన ఉండి, ప్రాణాలు దక్కించుకోవడానికి సముద్రం దాటి వచ్చినవాడు. మెర్సర్ కౌంటీ ఆయన పేరిటే ఏర్పడింది. వెస్ట్ విండ్సర్‌లో, లారెన్స్‌విల్‌లో ఇళ్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలు ఇంటి పన్ను కట్టేటప్పుడల్లా చూసే పేరది. ఈ యుద్ధం ఎవరో పూర్వీకుల ఆస్తి, మన పిల్లలకేం సంబంధం అనుకునే తల్లిదండ్రులు ఈ కథ తెలుసుకోవాలి. తాతలు ఎవరన్న లెక్క వంశవృక్షంలో అడుగుతారు. ఊరి చరిత్ర తరగతిలో అడిగేది, నువ్వు నడుస్తున్న నేల మీద ఏం జరిగిందన్నదే. హైదరాబాద్ నుంచి పోయినేడాది వచ్చిన పిల్లకూ, ఎనిమిది తరాలుగా అక్కడే ఉన్న పిల్లవాడికీ ఆ ప్రశ్న ముందు ఒకటే స్థానం.

ఊరిని నమ్ముకుని చరిత్ర చెబితే దాచడానికి వీల్లేని సంగతులు బయటపడతాయి. మన్మత్ కౌంటీలో జాన్ కోర్లీస్ అనే యజమాని దగ్గర టైటస్ అనే బానిస యువకుడు ఉండేవాడు. 1775 నవంబరులో, వర్జీనియాలో రాజప్రతినిధి డన్‌మోర్ తమ పక్షాన పోరాడే తిరుగుబాటుదారుల బానిసలకు విముక్తి ప్రకటించిన రోజుల్లోనే, పారిపోయాడు. తర్వాత ‘కర్నల్ టై’ పేరుతో బ్రిటిష్ పక్షాన దళం నడిపి, తనకు బాగా తెలిసిన ఆ ఊళ్ల మీదే దాడులు చేశాడు. 1780లో జాషువా హడీ ఇంటి మీద దాడిలో మణికట్టుకు తగిలిన గాయంతో ధనుర్వాతం వచ్చి చనిపోయాడు. స్వేచ్ఛ కోసం పోరాడినవాడే ఆయన కూడా. అయితే అది దొరికింది అవతలి పక్షంలో. న్యూజెర్సీ 1804లో బానిసత్వాన్ని క్రమంగా తొలగించే చట్టం తెచ్చింది. పూర్తిగా పోవడానికి 1860లు రావాల్సి వచ్చింది. దీన్ని చిన్నపిల్లలకు చెప్పొచ్చా అని వెనకాడేవాళ్లున్నారు. చెప్పొచ్చు. న్యాయం, అన్యాయం అన్న మాటలు పదేళ్లవాళ్లకు పెద్దవాళ్లకంటే పదునుగా అర్థమవుతాయి.

అదే న్యూజెర్సీ 1776 రాజ్యాంగం 50 పౌండ్ల ఆస్తి ఉన్న నివాసులందరికీ ఓటు ఇచ్చింది. ఆడా మగా, తెలుపూ నలుపూ అని విడదీయలేదు. పెళ్లికాని స్త్రీలు, వితంతువులు, స్వతంత్రులైన నల్లజాతి వాళ్లు ఓట్లు వేశారు. 1807లో ఆ హక్కును లాగేసుకున్నారు. మాంట్‌గోమరీ టౌన్‌షిప్ 1801 నాటి పోలింగ్ జాబితాలో ఆడవాళ్ల పేర్లు కనిపిస్తాయి. అదే టౌన్‌షిప్ బడిలో ఆ జాబితా తెర మీద పెడితే, వెనక బెంచీ ఆడపిల్లలు కూడా ముందుకు వంగి చదువుతారు.

ఉత్తరాన మసాచుసెట్స్‌లో ఈ పద్ధతి పాతదే. మూడో తరగతి నుంచే సొంత రాష్ట్రం, సొంత పట్టణం చరిత్రతో ఈ పాఠం మొదలవుతుంది. 1775 ఏప్రిల్ 19 తెల్లవారుజామున లెక్సింగ్టన్ పచ్చిక మీద జరిగిన కాల్పుల్ని ఏటా ఏప్రిల్‌లో పేట్రియట్స్ డే నాడు మళ్లీ ఆడతారు. చీకట్లోనే దుప్పట్లు కప్పుకుని, నాన్న భుజాలెక్కి చూసే పిల్లలకు లెక్కలేదు. ఆ రోజు చనిపోయిన ఎనిమిది మంది పేర్లతో పాటు, గాయపడ్డ ప్రిన్స్ ఎస్టబ్రుక్ అనే బానిస పేరు కూడా ఇప్పుడు బక్‌మన్ టావెర్న్ దగ్గర రాతి మీద ఉంది. అది వెలిసింది 2008లో. అంత ఆలస్యం ఎందుకైందో పిల్లలతో మాట్లాడటమూ పాఠమే.

ఇక కార్న్‌వాలిస్ సంగతి. 1781 అక్టోబరు 19న యార్క్‌టౌన్‌లో ఆయన సేన ఆయుధాలు అప్పగించడంతో అమెరికన్ పుస్తకాలు ఆయన్ని వదిలేస్తాయి. మనం వదల్లేం. 1786లో ఆయన గవర్నర్ జనరల్‌గా భారతదేశంలో దిగాడు. ఉత్తర సర్కారుల్లో మిగతావన్నీ అప్పటికే ఈస్టిండియా కంపెనీ చేతికి పోయాయి. గుంటూరు సర్కారు మాత్రం ఒప్పందం ప్రకారం నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ బతికి ఉన్నంతకాలం ఆయనకే ఉండేది. 1782లో బసాలత్ జంగ్ చనిపోయినా నిజాం దాన్ని వదల్లేదు. 1788లో కార్న్‌వాలిస్ దూతను హైదరాబాదు పంపి, ఒత్తిడి తెచ్చి గుంటూరును కంపెనీకి రాబట్టాడు. అమరావతిని పట్టణంగా నిలబెట్టిన వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడి కాలమది. 1792లో టిప్పుసుల్తాన్ చేత సంధి చేయించి ఆయన ఇద్దరు కొడుకుల్ని తాకట్టుగా తెచ్చుకున్నదీ, 1793లో బెంగాల్లో శాశ్వత శిస్తు పద్ధతి పెట్టినదీ ఈ కార్న్‌వాలిసే. ఆ పద్ధతి తర్వాత సర్కారు జిల్లాలకూ పాకింది. 1805లో ఘాజీపూర్‌లో చనిపోయాడు. సమాధి అక్కడే ఉంది.

బోస్టన్‌లో 1773 డిసెంబరు 16న నీళ్లపాలైన 342 పెట్టెల టీ కూడా ఈ కంపెనీ సరుకే. 1782 ఏప్రిల్‌లో డెలావేర్ అఖాతంలో ‘జనరల్ మంక్’ అనే బ్రిటిష్ నౌకను పట్టుకున్న పెన్సిల్వేనియా నౌక పేరు ‘హైదర్ అలీ’. మైసూరు నవాబు కంపెనీని ముప్పుతిప్పలు పెడుతున్నాడన్న వార్త అంతదూరం చేరి, అక్కడివాళ్లకు ధైర్యమిచ్చింది మరి. ఎడిసన్‌లో చదివే గుంటూరు పిల్లవాడు ఒకే మనిషి అడుగుజాడల్ని తన బడి పక్కన ఒకసారి, తాతగారి జిల్లాలో ఒకసారి వెతకగలడు. వారాంతపు తెలుగు బడులు పద్యాలతో పాటు ఈ పాఠం కూడా చెబితే రెండు చరిత్రలూ ఒకేసారి పిల్లలవవుతాయి.

తాతయ్యలకూ ఇందులో పని ఉంది. 1832లో అమెరికన్ కాంగ్రెస్ పాత సైనికులకు పింఛను చట్టం చేసినప్పుడు, కాగితాలు లేని ముసలివాళ్లు న్యాయమూర్తి ముందు ప్రమాణం చేసి ఎక్కడ పనిచేశారో, ఎవరి కింద పోరాడారో చెప్పుకోవాల్సి వచ్చింది. ఏ రేవు దగ్గర కాపలా కాశారు, ఏ ఊళ్లో జ్వరంతో పడిపోయారు అన్న వివరాలు నిండిన ఆ వాంగ్మూలాలను మించిన గని ఊరి చరిత్రకు లేదు. అలాంటి పింఛను కట్టలు 80 వేలకు పైగా నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. వాటి బొమ్మలు ఇంటర్నెట్‌లో పెట్టి, చదివి టైపు చేసిపెట్టమని 2023 నుంచి ప్రజల్నే అడుగుతున్నారు. చిక్కల్లా అవి గొలుసు రాతలో ఉండటం. అమెరికా బడుల్లో ఒక తరం పిల్లలు ఆ రాత నేర్చుకోకుండానే పెరిగారు. నాలుగు గీతల కాపీ పుస్తకాల్లో కర్సివ్ రైటింగ్ దిద్ది పెరిగిన మన పెద్దవాళ్లకు అది కష్టం కాదు. పేరు నమోదు చేసుకుంటే ఏ దేశంలో ఉన్నవాళ్లైనా చేరవచ్చు. ఆరు నెలల వీసా మీద వచ్చిన తాతయ్య ఎడిసన్‌లో మనవరాలి పక్కన కూర్చుని చదివిపెట్టవచ్చు, గడువు తీరి తెనాలి వచ్చేశాక వీడియో కాల్లో మిగతా పేజీలు పూర్తి చేయవచ్చు.